దావకూ డావాకూ మధ్య

కామాఠీపురాలో ఫోరస్ రోడ్డు మీది దుర్గయ్య కాటాల దుకాణానికి రెండు రకాల మనుషులు వస్తారు. తమ కాటా తప్పు చూపిస్తోందని వచ్చేవాళ్లు ఒక రకం, తప్పు చూపించడం లేదని వచ్చేవాళ్లు ఇంకో రకం. రెండో రకం వాళ్లను దుర్గయ్య గడప దగ్గరి నుంచే మర్యాదగా తిప్పి పంపుతాడు. అది ధర్మం కోసమని ఆయన ఏనాడూ గొప్పలు పోలేదు. ఒక్కసారి మాట పడిన దుకాణానికి గిరాకీ మళ్లీ రాదు, అంతే ఆయన లెక్క. అరవై ఒక్క ఏళ్లు వచ్చేసరికి కాటాలే కాదు, ఎదుట నిలబడిన మనిషిని చూసినా ముల్లు ఎటు వంగి ఉందో ఆయనకు తెలిసిపోతుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కూతురు మనాలి సంచి భుజాన వేసుకుని దుకాణం ముందు నిలబడినప్పుడు, ఆయన ఒక తక్కెడకు పాసంగం సరిచేస్తున్నాడు. రెండు పళ్లేల, అంటే సిబ్బెల, బరువు సమానంగా లేకపోతే తేలిక సిబ్బె అడుగున అంటించే సీసం తునక అది. కత్తెర ఉన్నా, తునకను ముందు పళ్లతో కొరికి సరిచేయడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. ముందు పన్ను సగం విరిగి ఉంటుంది కనుక ఆయన కొరికిన సీసం మీద పడే గాటు కూడా వంకరగానే పడుతుంది. "విషం నోట్ల పెట్టుకోకు" అని భార్య శాంతాబాయి ముప్పై ఏళ్లుగా అంటూనే ఉంది.

మనాలి ఘాట్ల అవతల ఒక జిల్లా ఊళ్లో, విమానాలు నడపడం నేర్పే బడిలో ఇన్‌స్ట్రక్టర్. నాలుగేళ్లుగా నేర్పుతోంది. నెలకొక ఆదివారం ఇంటికి వస్తుంది. శుక్రవారం ఎన్నడూ రాలేదు.

దుర్గయ్య సీసం తునకను నోట్లోంచి తీసి, "కూసో" అన్నాడు. ఏమైందని అడగలేదు. గిరాకీ సరుకు తానే బయటికి తీయాలి గానీ మనం సంచిలో చెయ్యి పెట్టకూడదు.

"నన్ను ఆపిన్రు నాయినా," అంది మనాలి. "సోమవారం దాక నేను విమానం ఎక్కొద్దు."

"ఎవలకన్నా ఏమన్నా అయిందా?"

"ఎవలకేం కాలే."

ఆ ఒక్క మాటకు దుర్గయ్య గుండెలోని సగం బరువు దిగిపోయింది. మిగతా సగాన్ని తూచడానికి తీరిక ఉందనుకున్నాడు. "ఇగ చెప్పు. నాకు సమజయ్యేటట్టు చెప్పు."

మనాలి బల్ల మీద ఉన్న తక్కెడ కాడను అడ్డంగా పెట్టింది. "ఇది మా రన్‌వే అనుకో. విమానం ఈ కొసనుంచి ఆ కొసకు ఉరికి లేస్తది." ఐదు కిలోల ఇనుప రాయిని రెండు చేతులతో ఎత్తి కాడకు ఎడమ పక్కన పెట్టింది. "డావా బాజూ ఇది. మిలిటరీ వాళ్లు ఫిరంగులు పేల్చి చూసే మైదానం. దాని పైన ఉన్న ఆకాశం గూడ వాళ్లదే. అండ్లకు ఎవ్వరు పోరాదు."

"ఆకాశానికి గూడ గోడ ఉంటదా?"

"మ్యాపు మీద ఎర్ర గీత ఉంటది నాయినా. గోడకన్న గట్టిది." చిన్న రాళ్లు రెండు తీసి కుడి పక్కన వరసగా పెట్టింది. "అందుకే మా తాన కాయిదా ఒక్కటే. లేసి ఐదొందల అడుగులకు పోంగనే ఉజవా తిరగాలె. ఈ రాయి కాలువ, ఈ రాయి చెరుకు ఫ్యాక్టరీ పొగగొట్టం. కాలువ మీదికెల్లి పొగగొట్టం దాక పోవాలె. దాన్ని తప్పి ఒక్క విమానం గూడ పోదు."

కామాఠీపురాలో పుట్టిన తెలుగు పిల్లల నోట్లో కుడి ఎడమలు ఎప్పుడో అరిగిపోయాయి. మరాఠీ బడిలో నేర్చిన ఉజవా, డావాలే మిగిలాయి. ఉజవా అంటే కుడి, డావా అంటే ఎడమ. దుర్గయ్యకు కూడా అవి అలవాటైనవే కనుక తల ఊపాడు.

"మరి మీరు తప్పిపోయిన్రా?"

"నిన్న పొద్దున. నడిపేది శ్రావణి, నా స్టూడెంటు. నేను పక్క సీట్ల ఉన్న. సగం ఎత్తుకు పోయినమో లేదో ఉజవా బాజూల గద్దలు లేసినయ్, మంద. పిల్ల బెదిరింది. గద్దలను నేను చూస్తా, నువ్వు రూట్ మీద పో అని చెప్పి నేను గద్దల దిక్కు చూస్తున్న. పిల్ల డావాకు తిప్పింది. గద్దలను తప్పించనీకె జరంత పక్కకు తీసిందేమో అనుకున్న. అట్లనే పోతుంది. టవర్ల నుంచి ఒర్రిన్రు. అప్పుడు చూస్తే ముందల మిలిటరీ మైదానం. నేను అందుకుని మలిపిన."

"ఎంతసేపు?"

"ఇరవై ఐదు సెకండ్లు."

దుర్గయ్య ఐదు కిలోల రాయి వైపు చూశాడు. ఒక చాయ్ గ్లాసు అందుకుని మొదటి గుక్క ఊదుకోవడానికి పట్టేంత కాలం. "లోపలికి పోయిన్రా, బయటనే ఉన్నరా?"

"తెల్వదు. విమానం పోయిన జాగ అంత ఒక మిషన్ల రాసుకుంటది. అది ఆఫీసోళ్లు పట్టుకపోయిన్రు. సోమవారం పది గంటలకు ఇద్దరం కాగితాలు రాసియ్యాలె, ఏం జరిగిందో. దాన్ని బట్టి ఫైసలా."

"ఆ పిల్ల ఏమంటది?"

మనాలి ముఖం గట్టిపడింది. "డావాకు పొమ్మని నేనే చెప్పిన్నట. నేను! నాలుగేండ్లల వెయ్యిసార్లు లేసిన ఆ రన్‌వే నుంచి. డావా అనే మాట నా నోటికెల్లి వస్తదా? అందరి ముందల నా ముఖం మీదనే అన్నది. తప్పు చేసినందుకు కాదు నాయినా, అబద్ధమాడినందుకు కోపమొచ్చింది నాకు."

ఆ రాత్రి భోజనాల దగ్గర మిగతాది కూడా బయటపడింది. బడికి పెద్ద అయిన మంగేష్ సర్, మనాలిని పక్కకు పిలిచి సలహా ఇచ్చాడట. తిప్పిన చెయ్యి శ్రావణిది, సరిదిద్దిన చెయ్యి నీది, అంతవరకే రాయి, అది నిజమే కదా అన్నాడట. అలా రాస్తే మనాలికి ఒక మందలింపుతో పోతుంది. శ్రావణి మాత్రం పోతుంది. ఆ పిల్ల మొదటిసారి ఒంటరిగా విమానం నడపాల్సింది వచ్చే గురువారమే. విమానాన్ని గీత వైపు తిప్పి, పైగా టీచర్ మీద అబద్ధమాడిన పిల్లను బడి ఉంచుకోదు. ఇంకో బడి చేర్చుకోదు. మనాలే తప్పు చెప్పిందని తేలితే లెక్క తిరగబడుతుంది. నేర్పే అనుమతి కాగితం పోవచ్చు.

"ఎవల పిల్ల?" అడిగింది శాంతాబాయి.

"మనోళ్లే. ధారావిల ఉంటరు. తండ్రి టైల్స్ వేస్తడు. తెలుగోళ్లని నాకే నెల కింద తెలిసింది. క్యాంటీన్ల చాయ్ కాలి 'అబ్బా' అన్నది. అప్పట్నుంచి ఇద్దరం ఉంటే తెలుగే."

దుర్గయ్య కూతురి కంచం వైపు చూశాడు. సగం అన్నం అలాగే ఉంది. ఆయన వ్యాపారం తెలిసినవాడు. ఒక సిబ్బెలో తన బిడ్డ, ఇంకో సిబ్బెలో ఊరూ పేరూ తెలియని పిల్ల ఉన్నప్పుడు ముల్లు ఎటు వంగుతుందో చూడటానికి కళ్లద్దాలు అక్కర్లేదు. "వాళ్లు ఎంత అడిగితె అంత తూచి ఇయ్యి," అన్నాడు. "నువ్వు చెప్పలేదన్నవ్. చెప్పలేదనే రాయి. ఎక్కువ మాట్లాడితే సరుకు చెడుతది."

"కాటాలు అమ్ముకో నువ్వు, మనుషులను తూచకు," అంది శాంతాబాయి. "అంత ధైర్యంగ అబద్ధమాడే పిల్లయితే, చాయ్ కాలితే అబ్బా అంటదా? మరాఠీల తిడుతది."

కొడుకు అతుల్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా నవ్వాడు. "అమ్మ కోర్టు చాలూ ఝాలం." అమ్మ కోర్టు మొదలైందని వాడి మాట.

శనివారం పొద్దున మనాలి ఇంట్లో కూర్చోలేక తమ్ముడితో పాటు దుకాణానికే వచ్చింది. రన్‌వే, కాలువ, పొగగొట్టం, మిలిటరీ మైదానం నిన్నటి లాగే బల్ల మీద ఉన్నాయి. దుర్గయ్య వాటిని తీయనివ్వలేదు. సంగతి తేలేదాకా కదిలించడం మంచిది కాదనిపించింది ఆయనకు. దాంతో బేరానికి వచ్చినవాళ్లంతా సంచులు నేల మీద పెట్టుకోవాల్సి వచ్చింది.

పదకొండు గంటలప్పుడు ఒక మేస్త్రీ వచ్చి గడప దగ్గర ఆగాడు. సున్నం మరకల లుంగీ, చేతిలో తాపీ సంచి. పాలమూరు నుంచి రైలు దిగి వారమే అయి ఉంటుంది. మాటలోనే తెలిసిపోయింది.

"పటేలా, గీ దావన పోతే గ్రాంట్ రోడ్ టేసన్ వస్తదా?"

దుర్గయ్య స్క్రూ బిగిస్తూ ఉన్నాడు. అతుల్ ఫోన్ చూస్తూనే జవాబిచ్చాడు. "డావాకు కాదు మామా, ఉజవా. ఉజవా బాజూ పో."

మేస్త్రీ బిత్తరపోయాడు. "ఉజవా ఏంది? నేను దావ అడుగుతున్న."

"అదే చెప్తున్న. డావాకు పోతే స్టేషన్ రాదు. పూరా ఉల్టా అయితది."

"టేసన్‌కు దావనే లేదా? మరి మనుషులు ఎట్ల పోతరు? ఎగిరి పోతరా?"

దుర్గయ్యకు నవ్వు ఆగలేదు. స్క్రూ డ్రైవర్ పక్కన పెట్టి బయటికి వచ్చి, మేస్త్రీ భుజం పట్టుకుని వీధి వైపు తిప్పాడు. "నీ పేరేంది?"

"ఎల్లయ్య."

"ఎల్లయ్యా, పాలమూరుల దావ అంటే తొవ్వ, బాట. ఈ పోరగానికి డావా అంటే ఎడమ చెయ్యి. వాడిది మరాఠీ చెవి. నువ్వు బాట అడిగినవ్, వాడు ఎడమకు పోవద్దంటున్నడు. మీరిద్దరు పొద్దుగూకేదాక మాట్లాడినా టేసన్ రాదు. ఇగో, గీ కుడి పక్కకు పో..."

చెయ్యి కుడివైపు చాచి అలాగే ఆగిపోయాడు. నవ్వు ముఖం మీదే ఉంది గానీ దాని అడుగున ఏదో కదిలింది. ఎల్లయ్య దండం పెట్టి వెళ్లిపోయినా ఆ చెయ్యి దిగలేదు.

లోపలికి వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు. "బిడ్డా. మొన్న విమానంల ఆ పిల్లకు ఏమని చెప్పినవో అక్షరం అక్షరం చెప్పు."

"చెప్పిన గద. రూట్ మీద పో అన్న."

"ఇంగ్లీషుల అన్నవా?"

"ఇంగ్లీషులనే..." అని మనాలి ఆగింది. విమానంలో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట రాకూడదని క్లాసులో పిల్లలకు చెప్పేది ఆమే. గద్దల మంద. పిల్ల బెదరడం. తన గొంతు. మనిషికి తానన్న మాట అర్థం గుర్తుంటుంది గానీ, ఏ భాషలో అన్నాడో గుర్తుండదు. దాన్ని లోపలి నుంచి తవ్వి తీయాలి. మనాలి కళ్లు మూసుకుని తవ్వింది.

"తెలుగుల అన్న నాయినా," అంది మెల్లగా. "'గద్దలను నేను చూస్తా, నువ్వు మన దావన పో.'"

అతుల్ ఫోన్ పక్కన పెట్టాడు. "ఆయీ గ! విమానం మోతల నాక్కూడ డావా అనే వినిపిస్తది అక్కా."

ఆ మాట దుర్గయ్యదే. మన దావన మనం పోవాలె. పిల్లలు బడికి బయలుదేరిన ప్రతి పొద్దూ, కామాఠీపురా గల్లీల్లో ఎటూ చూడకుండా నేరుగా పోవాలని ఆయన చెప్పిన మాట అది. ఆయనకు ఆయన తండ్రి చెప్పాడు. పాలమూరు నుంచి రాళ్లు కొట్టడానికి వచ్చిన తాత మూటగట్టి తెచ్చుకున్న మాట. మూడు తరాలు అరగకుండా వచ్చి, సరిగ్గా తూచాల్సిన చోట తప్పు తూచింది.

"ఆ పిల్ల అబద్ధం చెప్పలే," అంది మనాలి. "తనకు వినిపించిందే చెప్పింది. ఆఫీసుల ఏడుస్తుంటె నేను గూడ ఒర్రిన నాయినా. సిగ్గు లేదా అన్న."

మనాలి తండ్రి ముఖంలోకి చూసింది. "విమానంల గొంతు రికార్డయ్యే మిషన్ లేదు. ఈ సంగతి మన ముగ్గురికే ఎర్క."

దుర్గయ్యకు ఆ చూపు తెలుసు. గిరాకీ అడగదలచుకున్నది అడగకుండా, దుకాణదారు నోటినుంచి రావాలని చూసే చూపు అది. నిన్న తానిచ్చిన సలహా ఇంకా బల్ల మీదే ఉంది. సరే అంటే సరిపోతుంది. ఆ సరే నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకోటి వచ్చింది.

"అతుల్, పోయి చాయ్ చెప్పి రా," అన్నాడు. వాడు వెళ్లాక గొంతు తగ్గించాడు.

"లక్ష్మమ్మ ఎర్కనా నీకు? ఎండుచేపలు అమ్ముతది, టేసన్ తాన. పద్దెనిమిదేండ్ల కింద ఆమె తక్కెడ బాగుచేయనీకె తెచ్చింది. ఆ పొద్దు తొందరల ఉన్న. కాడ సరి చూద్దామని ఒక సీసం తునక సిబ్బె కింద అంటించి, తీసుడు మరిచి ఇచ్చిన. సిబ్బె బరువెక్కి తూకం తప్పు పడ్డది. వారం తిరగకముందే కాటాలు చెక్ చేసెటోళ్లు వచ్చిన్రు. సిబ్బె తిప్పంగనే తునక రాలింది. బజార్ల అందరి ముందల ఆమెను దొంగ అన్నరు. నాకు తెల్వదయ్యా అని ఏడ్చిందట. పొద్దుగూకినంక నాకు ఎర్కయింది."

"నువ్వు పోయి చెప్పినవా?"

"లే. నా తప్పని తెలిస్తె దుకాణం మునుగుతదనుకున్న. ఉప్పు తగిలి నీ కాటా చెడిందని చెప్పి, ఇంకోటి చేతిల పెట్టిన." దుర్గయ్య బల్ల మీది రాయిని నిమిరాడు. "దుకాణం మునగలే బిడ్డా. బాగనే నడిచింది. ఆమె వచ్చిన ప్రతిసారి మాత్రం నేను తల వంచుకుని పని చేస్తున్న. పద్దెనిమిదేండ్లు. లాభమే అనుకున్న బేరం అది. ఇప్పుడు చూసుకుంటె అంత నష్టం నాకు దేంట్ల రాలే."

అతుల్ చాయ్ తెచ్చాడు. మనాలి అది చల్లారాక తాగింది. చివరికి, "రేపు ధారావికి పోదాం నాయినా," అంది. "కాగితం సోమవారం చూస్తరు. ఆ పిల్ల అంతదాక ఎందుకు మొయ్యాలె?"

ఆదివారం ధారావిలో శ్రావణి ఇల్లు వెతకడానికి అరగంట పట్టింది. నిచ్చెన మెట్లెక్కి పైగదికి వెళ్లేసరికి ఆ పిల్ల విమానం పుస్తకాలను తాడుతో కట్ట కట్టి గోడకు ఆనించి ఉంచింది. ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లుంటాయి. మనాలిని చూసి లేచి నిలబడింది. తండ్రి భూమయ్య చేతులకు సిమెంటు ఎండి ఉంది. ఆయన మర్యాదగానే కూర్చోమన్నాడు. కానీ చాప పరవలేదు.

"నువ్వు నిజమే చెప్పినవ్ శ్రావణీ," అంది మనాలి నిలబడే. "నేను తెలుగుల అన్న. మన దావన పో అన్న. దావ అంటే మా ఇంట్ల రూట్. నీకు డావా అని వినిపించింది. తప్పు నాది. తెలుగుల మాట్లాడుడు ఒక తప్పు. నువ్వు తిప్పుతుంటె చూడకపోవుడు ఇంకో తప్పు. నిన్ను అందరి ముందల అన్న మాట మూడోది."

శ్రావణి మొదట మరాఠీలో ఏదో అనబోయి, మింగి, తెలుగులోకి వచ్చింది. "మా ఇంట్ల తొవ్వ అంటరు అక్కా. దావ అంటే నాకేం ఎర్క?" అంది. వెంటనే ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. "మూడు దినాల నుంచి నా చెవులే ఖరాబ్ అయినయేమో అనుకుంటున్న. మా బాపు డాక్టర్ తానకు గూడ తోలుకపోయిండు. డాక్టర్ చెవులల్ల చూసి, మస్తు సాఫ్ ఉన్నయన్నడు."

భూమయ్య గొంతు సవరించుకున్నాడు. "తొవ్వ అనే మంచి మాట ఉండంగ దావ ఏంది? మీ పాలమూరోళ్లు ఎన్నడు సక్కగ మాట్లాడరు."

"మీ తొవ్వ అంటె ఎవలన్న తవ్వనీకె గునపం తెచ్చుకుంటరు," అన్నాడు దుర్గయ్య.

భూమయ్య నవ్వలేదు. కానీ చాప తెచ్చి పరిచాడు. మనాలి సోమవారం కాగితం కోసం ఫోన్‌లో రాసుకున్నదాన్ని శ్రావణికి చదివి వినిపించింది. ఒక వాక్యం దగ్గర ఆ పిల్ల ఆపింది. "నేను గూడ ఒకసారి మ్యాపు చూసుకోవాల్సి ఉండె అక్కా. అది గూడ రాయి." మనాలి ఆలోచించి రాసింది. తిరిగి వచ్చేటప్పుడు దుర్గయ్య వెనక్కి చూస్తే గోడ దగ్గరి పుస్తకాల కట్ట విప్పి ఉంది.

సోమవారం పది దాటింది. పదకొండు దాటింది. దుర్గయ్య ఒకే కాటాను మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. పన్నెండున్నరకు లక్ష్మమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, గొంతుకు మాత్రం వయసు రాలేదు. "ముల్లు వణుకుతుంది దుర్గన్నా, జర చూడు," అంటూ తక్కెడ బల్ల మీద పెట్టబోయి, అక్కడి రాళ్లు చూసి ఆగింది. "ఇవేంది, బొమ్మరిల్లా?"

దుర్గయ్య తక్కెడ అందుకోలేదు. మామూలుగా అయితే తల వంచి పని మొదలుపెట్టేవాడు. ఇవాళ వంచలేదు.

"లక్ష్మమ్మా, నీకొక సంగతి చెప్పాలె. ఆ రోజు బజార్ల నీ సిబ్బె కింద రాలిన సీసం తునక..."

"నువ్వే పెట్టినవ్," అంది లక్ష్మమ్మ.

దుర్గయ్య చేతిలోని స్క్రూ డ్రైవర్ బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడా చెప్పేది? దాని మీద నీ పంటి గాటు ఉండె. ఈ ఫోరస్ రోడ్డు మొత్తం మీద సీసం కొరికెటోడివి నువ్వొక్కనివే. పైగా వంకర గాటు."

"ఎర్క ఉండి ఎందుకు ఊకున్నవ్?"

"నువ్వు చెప్తవేమోనని చూసిన. ఒక ఏడు చూసిన, రెండేండ్లు చూసిన. నాకు గూడ పనులుంటయ్ గద, తర్వాత మరిచిన." చీర కొంగుతో తక్కెడ తుడుచుకుంది. "కోపం లేకుండె అనను. మస్తుండె. కాని కాటా ఇంకోని తాన ఎందుకిస్త? వాడు ఇంక తప్పు చేయలే. ఎప్పుడు చేస్తడో తెల్వదు. నువ్వు ఒకసారి చేసినవ్. నా కాటా పట్టుకుంటె నీ చేతులు వణుకుతయ్. నాలుగుసార్లు చూసి ఇస్తవ్. గసోంటోడు బజార్ల దొరకడు. ఇగ ముల్లు చూడు, ఎండ పడుతుంది."

దుర్గయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పద్దెనిమిదేళ్లు తాను మోసిన బరువును అవతలి మనిషి ఎప్పుడో తూచి, ధర కట్టి, వాడుకుంటూ కూడా వచ్చిందన్నమాట. తన కన్నా పెద్ద వ్యాపారి. ముల్లు బిగిస్తూ ఉండగానే ఫోన్ మోగింది.

"నాయినా." మనాలి గొంతు. వెనక గాలి హోరు. "గీత దాటలేదట. మిషన్ల ఉంది. మూడొందల మీటర్లు ఇవుతలనే మలిగినం."

దుర్గయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. "శ్రావణి?"

"ఉంటది. గురువారమే ఒక్కతె పోతది. మంగేష్ సర్ నా కాగితం రెండుసార్లు చదివి, ఇది రాయమని నిన్ను ఎవరడిగారు అన్నడు. ఎవరు అడగలే సర్ అన్న. ఇగ సంతకం పెట్టిండు."

"నీ సంగతి?"

"పదిహేను దినాలు నేర్పొద్దు. తర్వాత నాకే పరీక్ష పెడ్తరు, పాసైతె మళ్ల నేర్పొచ్చు. ఇంజన్ చాలు చేసినంక ఇంగ్లీషు తప్ప ఏం మాట్లాడొద్దని బోర్డు గూడ పెట్టిన్రు. దాని కింద ఎవలో మరాఠీల రాసిన్రు, మనాలి మ్యామ్ గూడ అని."

ఆమె నవ్వుతోంది. దుర్గయ్య నవ్వు వింటూ నిలబడ్డాడు. నేర్పే కాగితం పోలేదు. పోయి ఉంటే? నిన్న రాత్రి దాన్ని కూడా తూచి చూసుకున్నాడు. అప్పుడు కూడా ఈ బేరం నష్టం కాదనిపించింది. కానీ పోకపోవడం వేరు. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏంది, ఎవలన్న పోయిన్రా?" అడిగింది లక్ష్మమ్మ.

"లే లక్ష్మమ్మా. ఎవరూ పోలే."

గురువారం పొద్దున తొమ్మిదింటికి మళ్లీ ఫోన్. "విను నాయినా," అని మనాలి ఫోన్‌ను గాలిలోకి పట్టుకున్నట్టుంది. మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత దూరంగా ఇంజన్ మోత. దగ్గరైంది, తల మీదికి వచ్చింది, సన్నబడింది. దుర్గయ్య కళ్లు బల్ల మీది కాడ వెంట పరిగెత్తి, దాని కొస దాటి, గాలిలో నిలిచాయి.

"ఎటు?" అన్నాడు.

"ఉజవా," అంది మనాలి. వెంటనే సర్దుకుంది. "రైట్. కుడి నాయినా, కుడి. కాలువ మీదికెల్లి పోతుంది."

దుకాణం ముందు ఒక కూరగాయల మనిషి చాలాసేపటి నుంచి ఐదు కిలోల రాయి కోసం నిలబడి ఉన్నాడు. వారం నుంచి బల్ల మీద ఊరికే పడి ఉన్న ఆ రాయిని దుర్గయ్య రెండు చేతులతో ఎత్తాడు. అడుగున ఉన్న సర్కారు ముద్ర సరిగ్గా ఉందో లేదో చూసి, తుడిచి, అతని సంచిలో పెట్టాడు.